ఎర్ర చుక్క దగ్గర

2006 జూన్ 11, ఆదివారం

ఆరాధన ముగించుకుని వచ్చేసరికి అల్లుడు హనోకు ముందుగదిలో కంప్యూటరు బల్ల కింద దూరి ఉన్నాడు. పెళ్లి పందిళ్లకు మైకుసెట్లు కట్టే మనిషి. స్తంభాలెక్కి హారన్లు కట్టేటప్పుడు పడని విసుగు ఈ సన్న వైర్లతో పడుతున్నాడు. చివరికి సబ్బుపెట్టె కంటే కాస్త పెద్దదైన పెట్టె ఒకటి బల్ల మీద పెట్టాడు. ముందువైపు తిప్పే నాబు, పక్కన పచ్చదీపం, హెడ్‌ఫోన్ గుచ్చే రంధ్రం. హెడ్‌ఫోన్ ఆంప్లిఫయరు అంటారట. కంప్యూటరులోంచి నేరుగా వచ్చే శబ్దం మా ఆయన చెవులకు చాలదు కాబట్టి మధ్యలో ఇది. ఫ్యాక్టరీలో చెరకు కాటా దగ్గర, యంత్రాల హోరులో ఉద్యోగం చేసిన చెవులు. పక్షవాతం రాకముందే మందగించాయి.

డాక్టరు చెప్పినది చెప్పినట్టు రాసుకుంటున్నాను. దెబ్బ మెదడుకు ఎడమవైపు తగిలింది. అందుకే కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. మాట రావలసి ఉంటే ఆరు నెలల్లో ఏదో ఒక కదలిక కనిపించాలి. మాట్లాడలేనివాళ్లు కొందరు పాడగలరు. పాటలోంచి మాట రావచ్చు. ‘రావచ్చు’ అన్నారు, ‘వస్తుంది’ అనలేదు. ఆయన పడిపోయింది ఈస్టరు ముందురోజు, క్వైరు అభ్యాసంలో. అంటే గడువు అక్టోబరు నడిమి వరకు.

క్వైరు పాటలన్నీ హనోకు పాత క్యాసెట్లలోంచి కంప్యూటరులోకి ఎక్కించాడు. అన్నీ ఆయన వరసలు కట్టినవే. చాలావాటిలో ఆయన గొంతు ఉంది.

జూన్ 12, సోమవారం

శబ్దం ఎంత పెట్టాలో ఈరోజు తేల్చాము. హనోకు నాకు పాఠం చెప్పాడు.

“సూడండత్తయ్యా, సౌండు రెండు దగ్గిర్లుంటాది. కంప్యూటర్లో ఒకటి, ఈ పెట్టెలో ఒకటి. కంప్యూటర్లో మరీ ఎక్కువెట్టేరనుకోండి, పాట పగిలిపోద్ది. మరీ తక్కువెట్టీసి పెట్టె తిప్పీసేరనుకోండి, సర్రుమని గాలి కొట్టినట్టుంటాది. అందుకని ముందల కంప్యూటర్లో పగలకుండా ఎంతవరకూ వత్తాదో అంతా పెట్టీయాల. అది ట్యాంకు. పెట్టె కుళాయి. మీరు కుళాయి తిప్పుకోండి, ట్యాంకు జోలికెళ్లకండి.”

“ట్యాంకు ఎవరి అధీనంలో ఉంటుంది?”

“సుజిదే గదండీ. దాని కంప్యూటరు.”

కోడలు సుజి ఆ కంప్యూటరు మీద శుభలేఖలు తయారుచేసి ప్రెస్సుకు పంపుతుంది. ఒకరి పనిముట్టు మీద మరొకరు చెయ్యి వేయడం నాకు ఇష్టం లేదు. ఎప్పుడూ వేయలేదు. పాట పెట్టవలసింది ఆమె, నాబు తిప్పవలసింది నేను అని అనుకున్నాం.

నేనే హెడ్‌ఫోన్ పెట్టుకుని, హనోకు కంప్యూటరులో పెంచుతుంటే పాట పగిలేచోట ఆపించాను. తర్వాత కాస్త తగ్గించమన్నాను. నాబును గడియారం అనుకుంటే ముల్లు పదికీ పదకొండుకీ మధ్య నా చెవులకు గట్టిగానే వినిపించింది. ఆయనకు అది సరిపోవాలి. గుర్తు పెట్టడానికి సుజి గోళ్లరంగు సీసా తెచ్చింది. అటువంటి సీసా ఇంట్లో ఉన్నందుకు మామూలుగా అయితే ఒక మాట అనేదాన్ని. అనలేదు. ఆ రంగుతో పెట్టె మీద ఎర్ర చుక్క పెట్టాను.

నాబు ఎవరూ ముట్టుకోకూడదని అందరికీ చెప్పాను.

జూన్ 14, బుధవారం

మొదటిరోజు. పరుపు తల వైపు ఎత్తి, హెడ్‌ఫోన్ డిప్పలు చెవులకు అమర్చి, పక్కన కుర్చీ వేసుకున్నాను. శబ్దం సరిపోతే ఎడమచేతి చూపుడువేలు ఎత్తమని చెప్పి, ఎత్తి చూపించాను. సుజి పాట పెట్టింది. ‘చేల మీది మంచువలె దిగి రా దేవా’ అన్నది. పదేళ్ల కిందటి క్రిస్మసుకు కట్టిన వరస.

రెండో చరణం దగ్గర గోడ వైపు ముఖం తిప్పుకున్నారు. కళ్ల నీళ్లు దిండు మీదికి కారాయి. వేలు ఎత్తలేదు.

శబ్దం ఎక్కువైంది.

జూన్ 15

ముల్లు తొమ్మిది దగ్గర పెట్టాను. గోడ వైపే. శబ్దం తక్కువైంది.

జూన్ 16

పదకొండు. కళ్లు గట్టిగా మూసుకున్నారు. ఎక్కువ.

జూన్ 20, మంగళవారం

ఆయనకు ఒళ్లు తుడవడానికి కశింకోట నుంచి షేరాటోలో వచ్చే అప్పలకొండమ్మ హెడ్‌ఫోన్ చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

“ఏటమ్మగోరూ, బాబుగోర్ని టెలీఫోనాపీసులో కూకోబెట్టేరేటి?”

ఆయన పెదవి ఎడమ కొస కదిలింది. నవ్వే అయి ఉంటుంది. నా ఎదుట వారం రోజులుగా కదలని పెదవి. పాట పెట్టగానే మళ్లీ మామూలే.

జూన్ 25, ఆదివారం

డిప్పలు ఊడి మంచం కింద పడ్డాయి. వైరు చేతికి తగిలి ఉంటుంది. వైరు పొట్టిగా చుట్టి కట్టాను.

జూన్ 27

మళ్లీ వైరు తగిలింది.

జూలై 2, ఆదివారం

ఈరోజు క్వైరును ఇంకెవరో నడిపారు. రెండు చేతులూ ఊపుతూ, పిట్టలను తోలుతున్నట్టు. ఆయన ఎప్పుడూ ఒక్క వేలితో నడిపేవారు. చూపుడువేలు ముంజేతి దగ్గర తాళం వేస్తూ ఉండేది. ఎవరి గొంతు ఎప్పుడు అందుకోవాలో వారి వైపు చూసి వేలు ఎత్తేవారు, అంతే. కింది గొంతులకు ఎత్తేటప్పుడు నా వైపు చూసేవారు. ఇంట్లో నా మాటకు ఎదురు చెప్పని మనిషి అక్కడ మాత్రం, ‘టీచరమ్మా, మీరు ముందెళ్లిపోతన్నారు’ అని అందరి ముందూ అనేవారు.

నేను ఇప్పుడు పాడడం లేదు. పుస్తకం మూసే ఉంచాను. పాట పాడడం, వినడం ఇప్పుడు నా పని కాదు. ఆయన ముఖం చూడడం నా పని.

జూలై 6, గురువారం

కొడుకు జాన్ బాబు స్టీలుప్లాంటులో రాత్రి షిఫ్టు దిగి వచ్చి, టీ తాగుతూ అన్నాడు. “అమ్మా, నాన్నకి వినబడినా ఏటో అర్థమవుతాదనుకోకు. నువ్వు కష్టపడుతున్నావని...”

“నా కష్టం గురించి నేను అడగలేదు” అన్నాను.

శబ్దం సరిగ్గా కుదరడం లేదు. కుదిరితే అర్థమవుతుంది.

జూలై 9, ఆదివారం

సుజి కూతురు దీనాకు జ్వరం. పసిపిల్ల, ఎనిమిది నెలలు. రాత్రంతా ఏడ్చి పొద్దున నిద్రపోయింది. ఆరాధనకు వెళ్లలేదు.

ఇంట్లో కదలకుండా ఉన్నందుకు ఒక పని పూర్తయింది. డిప్పల మెత్తలకు చెమట పడుతోందని నా పాత వాయిల్ చీర చించి రెండు తొడుగులు కుట్టాను. లోపల దూది. ఇంతవరకు దగ్గరకు వంగితే డిప్పల పక్కనుంచి చీమలబారు నడిచినట్టు సన్నగా పాట వినిపించేది. ఇప్పుడు ఒక్క చుక్క శబ్దం బయటికి రావడం లేదు. కుట్టు బాగా కుదిరింది.

కంప్యూటరు తెరిచేటప్పుడు దాని స్పీకర్లలోంచి (పాట వేళ వాటి స్విచ్చి ఆపుతాం) వచ్చే టింగుమనే మోత కూడా ఈరోజు లేదు. అంతే కావాలి. జ్వరంతో ఉన్న పిల్ల ఉన్న ఇల్లు.

జూలై 10, సోమవారం

వేలెత్తారు.

మళ్లీ రాస్తున్నాను. ఎర్ర చుక్క దగ్గర నాబు పెట్టి, “సరిపోయిందా?” అని అడిగాను. ఎడమచేతి చూపుడువేలు దుప్పటి మీదనుంచి లేచింది. గోడ వైపు తిరగలేదు. కన్నీళ్లు లేవు. పాట అయ్యేవరకు నా వైపే చూశారు. కంప్యూటరు తెర మీద పాట నడుస్తున్నంతసేపూ పచ్చగీతలు పైకీ కిందికీ గెంతాయి.

తొడుగుల వల్లే. మెత్తలు చెవికి గుచ్చుకుని ఉంటాయి, పాపం. శబ్దం మొదటినుంచీ సరిగ్గానే ఉంది.

జూలై 11

ఎర్ర చుక్క. వేలెత్తారు.

జూలై 12

ఎర్ర చుక్క. వేలెత్తారు. పాట అయ్యాక నిద్రపోయారు.

జూలై 13

అలాగే.

జూలై 23, ఆదివారం

జాన్ బాబును కూర్చోబెట్టి చూపించాను. “సరిపోయిందా?” అన్నాను. వేలు. పాట మార్పించి మళ్లీ అడిగాను. వేలు. అబ్బాయి లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. ముఖం కడుక్కున్న చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చి వాళ్ల నాన్న పాదాల మీద దుప్పటి సర్దాడు. ఇన్నాళ్లలో వాడు ఆ మంచాన్ని ముట్టుకోవడం ఇదే మొదటిసారి.

ఆగస్టు 8, మంగళవారం

అప్పలకొండమ్మకు పని ఎక్కువ, నోరు అంతకంటే ఎక్కువ.

“ఆ డిప్పలెట్టీసేక మీ మాట ఇనబడదు గదమ్మగోరూ, అందుకే బాబుగోరు హాయిగున్నారు.”

“పాట వింటున్నారు” అన్నాను.

“ఇంటన్నార్లెండి. మీ మొకమే సూత్తన్నారు గానీ.”

పని చూసుకోమన్నాను.

ఆగస్టు 20, ఆదివారం

ఇంతవరకు నేను చర్చిలో సాక్ష్యం చెప్పలేదు. తలనొప్పి తగ్గినా, బస్సు దొరికినా లేచి దేవుని పేరు చెప్పేవాళ్ల మధ్య కూర్చుని అలవాటు పడ్డాను. రుజువు లేనిది లేచి చెప్పకూడదని నా అభిప్రాయం. లెక్కల టీచరుగా పిల్లలకు నేర్పినదీ అదే.

ఈరోజు లేచాను. సంఘం వారు ఆయన కోసం ప్రార్థిస్తున్నారనీ, దేవుడు ఆయన చెవులు తెరిచాడనీ, రోజూ తన పాటలు వింటున్నారనీ, అడిగితే జవాబిస్తున్నారనీ చెప్పాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. క్వైరులో ఆయన వెనక నిలబడి పాడినవాళ్లు చప్పట్లు కొట్టారు. పాస్టరు అయ్యగారు కృతజ్ఞతా ప్రార్థన చేశారు.

ఇంటికి వచ్చి ఆయనకు చెప్పాను. వేలెత్తారు.

ఆగస్టు 29

అలాగే. పెదవులు కదులుతున్నాయేమో అని దగ్గరగా చూశాను. కదలడం లేదు. ఇంకా సమయం ఉంది.

సెప్టెంబరు 10, ఆదివారం

సాయంకాలం కరెంటు పోయి వచ్చింది. పాట మధ్యలో ఆగింది. సుజి వచ్చి మళ్లీ పెట్టేలోపు నేను ఆయన ఎడమ మణికట్టు పట్టుకుని కూర్చున్నాను. దీపం లేదు, గీతలు లేవు. ఆయన అలాగే నెమ్మదిగా ఉన్నారు. పాట ఆగిందని కూడా తెలియనట్టు ఉన్నారు.

లోపల పాట నడుస్తూనే ఉంటుంది కాబోలు.

సెప్టెంబరు 14

మాట కోసం తొందర పెట్టకూడదు. విత్తు మొలిచే ముందు తవ్వి చూసేవాడు రైతు కాడు.

సెప్టెంబరు 19, మంగళవారం

తొడుగులు ఉతికాను. ఆరాక తొడిగి, బిగువు చూద్దామని నా తలకు పెట్టుకున్నాను. సుజి ఆయన కోసం అప్పటికే పాట పెట్టి వంటింట్లోకి వెళ్లింది. పచ్చగీతలు గెంతుతున్నాయి. పెట్టె దీపం వెలుగుతోంది. నాబు ఎర్ర చుక్క దగ్గరే ఉంది.

ఏమీ వినిపించలేదు.

నాబు పన్నెండుకు తిప్పాను. మూడుకు తిప్పాను. సర్రుమని గాలి కొట్టినట్టు.

హనోకు చెప్పిన గాలి.

సెప్టెంబరు 20

సుజిని అడిగాను.

“పాపకి జ్వరమొచ్చిన రోజు కంప్యూటరు సౌండు నేనే ఆపేసేనత్తయ్యా. అది ఆన్ చేసినప్పుడల్లా టింగుమంటే పాప లేచిపోతోందని. తరవాత మళ్లీ సౌండు పెట్టడం మరిచిపోయేను. మీ పెట్టెకి వేరే సౌండు ఉంది గదా అనుకున్నాను.” నా ముఖం చూసి ఆమె ముఖం మారిపోయింది. “అప్పట్నించీ... మావయ్యగారికి అస్సలు వినబడలేదా?”

“పిల్లకు పాలు పట్టు” అన్నాను.

ఆమె తప్పేమీ లేదు. నాబు ముట్టుకోవద్దన్నాను, ఎవరూ ముట్టుకోలేదు.

సెప్టెంబరు 21

రాయడానికి ఏమీ లేదు.

సెప్టెంబరు 22, శుక్రవారం

సుజి చేత శబ్దం తిరిగి పెట్టించాను. ముందు నేను విని, నిజంగా వస్తోందని చూసుకుని, ఎర్ర చుక్క దగ్గర ఉంచి ఆయన చెవులకు పెట్టాను.

మొదటి చరణం పూర్తి కాకముందే గోడ వైపు తిరిగారు. దిండు తడిసింది. ఎడమచెయ్యి డిప్ప మీదికి వెళ్లింది. వైరు తగలలేదు. నేను చూస్తుండగా లాగేశారు.

జూన్‌లో కూడా వైరు తగలలేదు.

తనకు లేని గొంతును చెవులకు కట్టి వినమన్నాను. పాటకు తలతిప్పిన ప్రతిసారీ ఎక్కువైంది, తక్కువైంది అని నాబు తిప్పాను. ఎర్ర చుక్క పదికీ పదకొండుకీ మధ్య ఉంది. ఆయనకు సరిపోయింది సున్న.

సెప్టెంబరు 24, ఆదివారం

ఆయనకు ఎలా ఉందని చర్చి మెట్ల మీద ముగ్గురు అడిగారు. ఒకామె నా చెయ్యి పట్టుకుని, తన తమ్ముడికీ పాటలు వినిపించడం మొదలుపెట్టామనీ, అలాంటి డిప్పలే కొన్నామనీ చెప్పింది. అతనికి కూడా పక్షవాతమే.

“మంచిది” అన్నాను. మంచిది అన్నాను!

సెప్టెంబరు 26, మంగళవారం

ఇంకొకటి మిగిలింది. శబ్దం లేకపోయినా ‘సరిపోయిందా’ అంటే వేలెత్తారు. అంటే నా మాటకే జవాబు చెప్పారు. అంటే నా మాట అర్థమవుతోంది. పాట కాకపోయినా మాట అర్థమైతే చాలు. నిన్న పగలంతా ఈ లెక్క వేసుకుంటూ గడిపాను.

కానీ అవుననే జవాబుకు మాత్రమే గుర్తు ఉన్న పరీక్ష పరీక్ష కాదు. నా తరగతిలో ఏ పిల్లా అలాంటి ప్రశ్నపత్రం చూసి ఉండదు. అందుకని పొద్దున ఆయనకు రెండో గుర్తు నేర్పాను. కాదంటే పిడికిలి. ఎన్నోసార్లు చూపించాను. నా పిడికిలి చూసి పిడికిలి బిగించారు.

“మీ పేరు కృపానిధేనా?” వేలు.

“మన ఊరు అనకాపల్లేనా?” వేలు.

“మనం రోలుగుంటలో ఉంటున్నామా?” వేలు.

“మనకు పెళ్లి కాలేదు కదా?” నా వైపు చూస్తూ, వెంటనే, వేలు.

ఐదో ప్రశ్న అడగలేదు.

సాయంత్రం అప్పలకొండమ్మ ఆయన గడ్డం తుడుస్తూ, “ఏటి బాబుగోరూ, టీచరమ్మగోరు ఇయ్యాల కోప్పడనేదా?” అంది. పెదవి కొస కదిలింది. దానికి కూడా ఇప్పుడు నేను ఏ అర్థమూ రాయను.

సెప్టెంబరు 29

హనోకు వచ్చాడు. సుజి చెప్పినట్టుంది. బల్ల దగ్గర నిలబడి వైర్లు అనవసరంగా సవరించాడు.

“తప్పు నాదండత్తయ్యా. ట్యాంకు ముట్టుకోవద్దని నేనే సెప్పేను.”

“నువ్వు సరిగ్గానే చెప్పావు. ట్యాంకులో నీళ్లున్నాయో లేదో చూసుకోవలసింది కుళాయి తిప్పేవాళ్లే.”

“పెట్టె పట్టికెళ్లిపోమంటారా?”

“ఆరు నెలలు నిండనియ్యి” అన్నాను. ఎందుకు అన్నానో తెలియదు. శబ్దం పెట్టడం లేదు. డిప్పలు కూడా పెట్టడం లేదు. అలవాటు చొప్పున పక్కన కుర్చీ వేసుకుంటున్నాను.

అక్టోబరు 1, ఆదివారం

నెల మొదటి ఆదివారం. ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. అబద్ధపు సాక్ష్యం నోటిలో ఉంచుకుని రొట్టె తీసుకోలేను. సాక్ష్యాల వేళ లేచాను.

ఆగస్టులో చెప్పినది సరికాదన్నాను. పాటలు వింటున్నారని చెప్పిన రోజుల్లో ఆయన చెవులకు శబ్దమే వెళ్లలేదనీ, యంత్రంలో పొరపాటును నేను చూసుకోలేదనీ, అడిగినదానికల్లా ఆయన వేలెత్తుతారనీ, అందువల్ల అది జవాబు కాదనీ చెప్పాను. అంతలో వెనక బెంచీలోంచి మరిడమ్మ గొంతు.

“ఇనబడకపోయినా ఏలెత్తేరంటే అదీ అద్భుతమే గదమ్మా!”

ఎవరో నవ్వు ఆపుకున్నారు. ఎవరో స్తోత్రం అన్నారు. నేను కూర్చున్నాను. రొట్టె తీసుకున్నాను.

బయటికి వచ్చాక, తమ్ముడి కోసం డిప్పలు కొన్నామన్న ఆమెను వెతికి పట్టుకుని అన్నీ చెప్పాను. ముందు మీరు పెట్టుకుని వినండి, అతను ముఖం తిప్పుకుంటే వెంటనే తీసేయండి అన్నాను. ఆమె తల ఊపింది. మళ్లీ నన్ను ఏమీ అడగలేదు.

అక్టోబరు 9

అలాగే ఉన్నారు.

అక్టోబరు 16, సోమవారం

ఆరు నెలలు నిండాయి. మాట రాలేదు.

జాన్ బాబు షిఫ్టుకు వెళ్తూ ఎందుకో గుమ్మంలో ఆగి, నా భుజం మీద చెయ్యి వేసి వెళ్లాడు.

అక్టోబరు 18, బుధవారం

పెట్టె హనోకుకు తిరిగి ఇచ్చేద్దామని మధ్యాహ్నం సర్దడం మొదలుపెట్టాను. మంచం కోడుకు కట్టిన వైరు విప్పి చుట్టుకుంటూ వస్తుంటే గట్టిగా తగిలింది. ఎక్కడో చిక్కుకుందనుకున్నాను. ఆయన పట్టుకున్నారు. ఎడమచేతి పిడికిట్లో.

“వదలండి” అన్నాను. వదలలేదు. “కావాలా?” అన్నాను. అడగకూడదని తెలిసీ అడిగాను. వేలెత్తడానికి వైరు వదలాలి. వదలలేదు.

కావాలనుకుని ఆయన తలకు పెట్టబోయాను. తల అటు తిప్పారు. నా చేతిలోంచి హెడ్‌ఫోన్ లాక్కుని పైకెత్తారు. ఒక్క చెయ్యి, అదీ ఎడమది. డిప్ప నా కళ్లద్దాలకు తగిలి అవి పక్కకు పోయాయి. మళ్లీ ఎత్తారు. అప్పటికి నాకు తెలిసింది. తల వంచాను. ఒక చెవి మీదికి వచ్చింది. రెండోది నేనే సర్దుకున్నాను.

సుజిని పిలిచి పాట పెట్టమన్నాను. శబ్దం ఉందో లేదో ముందు చూడమన్నాను. ‘చేల మీది మంచువలె’ పెట్టింది. ఆమె ఎంచుకుందో, మొదట అదే ఉందో అడగలేదు. ఎర్ర చుక్క దగ్గర నా చెవులు అదిరాయి. తొమ్మిదికి తగ్గించాను.

పదేళ్ల కిందటి ఏదో అభ్యాసంలో తీసిన రికార్డు. ఎవరో దగ్గారు. బెంచీ జరిగింది. ‘టీచరమ్మా, మీరు ముందెళ్లిపోతన్నారు’ అన్న ఆయన మాట పాటకు ముందు స్పష్టంగా ఉంది. అది అందులో ఉందని నాకు తెలియదు. జూన్‌లో శబ్దం పగులుతుందా లేదా అని మాత్రమే విన్నాను.

తర్వాత జరిగింది సుజి చెప్పగా తెలిసింది.

“అత్తయ్యా, మీరు పాడేరు. చాలా గట్టిగా. వీధిలో ఎవరో ఆటో ఆపుకుని చూసేరు.” చెవులు మూసుకున్నవాళ్లకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. సిగ్గేసింది. పాప లేచిందా అని అడిగితే లేవలేదంది.

నాకు తెలిసినది ఇది. నా మణికట్టు మీద ఆయన వేలు తాళం వేసింది. తప్పలేదు. నా గొంతు వినే వేశారో, నోరు కదలడం చూసి వేశారో, పాత అలవాటు మీద చెయ్యి దానంతట అది వేసిందో నాకు తెలియదు. ఇది ఎవరికీ చెప్పను. ఎక్కడా లేచి నిలబడను. ఆయన గొంతు అందుకోవలసిన చోట ఆయన నోరు తెరుచుకుంది. గాలి వచ్చింది. గొంతు రాలేదు. డిప్పల్లో అదే చోట ఆయన గొంతు వచ్చింది. నోరు తెరిచి ఉంచే ఆయన చివరి చరణం వరకు తాళం వేశారు.

పాట ఆగింది. డిప్పలు తీయకుండా కూర్చున్నాను. ఆయన నన్ను చూస్తున్నారు, కనుబొమ్మ ఒకటి కాస్త ఎత్తి. ఆ చూపు నాకు తెలుసు. జూన్ నుంచీ ఈ కుర్చీలోంచి నేను ఆయనను అలాగే చూశాను.

నేను వేలెత్తాను.